బెంగళూరులో వరలక్ష్మీ వ్రతం: ఏటా అడిగే ప్రశ్నలు, జవాబులు

ఆషాఢం వెళ్ళిపోతోందంటే చాలు, మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపు వేడెక్కుతుంది. ఈసారి వ్రతం ఏ శుక్రవారం, చేతికి కట్టుకునే తోరానికి ఎన్ని ముళ్ళు, పక్కింటి కన్నడ ఆంటీ అమ్మవారికి చీర కట్టింది కదా మనమూ కట్టాలా... ఏటా అవే ప్రశ్నలు, ఏటా కొత్తగా వచ్చినవాళ్ళు. నేను పుట్టింది తెనాలిలో, మెట్టింది హిందూపురం వాళ్ళింట్లో, కాపురం మాత్రం మొదట్నుంచీ బెంగళూరు అద్దె ఇళ్ళల్లో. రెండు వైపుల ఆచారాల మధ్య పడి నేర్చుకున్నవి, పెద్దవాళ్ళనీ పూజారిగారినీ అడిగి సరిచూసుకున్నవి ఇక్కడ రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికే నేరుగా వెళ్ళండి. మీ ఇంటి పద్ధతి దీనికి వేరుగా ఉంటే మీ ఇంటి పద్ధతే పాటించండి.

## ముందుగా వచ్చే అనుమానాలు

వ్రతం శ్రావణంలో రెండో శుక్రవారమే కదా?

ప్రతిసారీ కాదు. పౌర్ణమికి ముందు వచ్చే శుక్రవారం అన్నది అసలు లెక్క. చాలా ఏళ్ళలో అది రెండో శుక్రవారమే అవుతుంది కాబట్టి ఆ మాట స్థిరపడిపోయింది. 2024లో శ్రావణం ఆగస్టు 5న, సోమవారం మొదలైంది. పౌర్ణమి 19న, వ్రతం 16న, అంటే రెండో శుక్రవారం. 2025లో మాసం మొదలైందే శుక్రవారం, జూలై 25న. పౌర్ణమి ఆగస్టు 9 కాబట్టి వ్రతం 8న వచ్చింది, అది మూడో శుక్రవారం. ఆ ఏడు మా గ్రూపులో ఇద్దరు ముగ్గురు ఒక వారం ముందే ఆఫీసుకు సెలవు పెట్టేసుకున్నారు. అధిక శ్రావణం వచ్చిన ఏడు నిజ శ్రావణంలోనే చేస్తారు, 2023లో ఆగస్టు 25 దాకా ఆగింది అందుకే.

బెంగళూరులో ఇంకో తికమక ఉంది. ఉత్తరాది స్నేహితుల శ్రావణం మనకంటే పదిహేను రోజుల ముందే మొదలవుతుంది. వాళ్ళ నెల పౌర్ణమితో ముగుస్తుంది, మనదీ కన్నడిగులదీ అమావాస్యతో ముగుస్తుంది. వాళ్ళు వాడే క్యాలెండర్ యాప్ చూసి తేదీ పెట్టుకోకండి.

ఆ శుక్రవారం నాకు కుదరకపోతే ఎలా?

నెలసరి, మైల, ప్రయాణం, ఏదైనా సరే టెన్షన్ పడొద్దు. శ్రావణంలోనే మరో శుక్రవారం చేసుకోవచ్చు. అదీ తప్పితే ఆశ్వయుజంలో నవరాత్రుల్లో వచ్చే శుక్రవారం చేసేవాళ్ళున్నారు. మా అత్తగారు రెండుసార్లు అలాగే చేశారు.

మూఢంలో, అంటే గురుడో శుక్రుడో సూర్యుడికి దగ్గరై కనబడని రోజుల్లో, వస్తే చేయవచ్చా?

ఏటా చేస్తున్నవాళ్ళు మానక్కర్లేదు. మొదటిసారి పట్టేవాళ్ళు మాత్రం గురు మూఢం, శుక్ర మూఢం వదిలి మరుసటి ఏడు మొదలుపెడతారు.

కొత్తగా పెళ్ళయింది. మంగళగౌరి, వరలక్ష్మి రెండూ ఒకటేనా?

వేరు వేరు. మంగళగౌరి వ్రతం పార్వతీదేవికి, శ్రావణంలో మంగళవారాల్లో, పెళ్ళయిన మొదటి ఐదేళ్ళు చేస్తారు. వరలక్ష్మీ వ్రతం ఏడాదికి ఒక్క శుక్రవారం. దానికి ఐదేళ్ళ లెక్క లేదు. ఓపిక ఉన్నన్నాళ్ళు చేసుకోవచ్చు.

మా అత్తగారింట్లో ఆనవాయితీ లేదు. నేను మొదలుపెట్టవచ్చా?

వ్రతకథలో చారుమతికి మాత్రం ఆనవాయితీ ఎక్కడిది? మగధ దేశంలో కుండినమనే పట్టణం, అందులో ఈమె. కలలో అమ్మవారు కనిపించి, శ్రావణ పౌర్ణమికి ముందు వచ్చే శుక్రవారం నన్ను పూజించు అని చెప్పింది. చారుమతి లేవగానే చేసిన పని ఏమిటంటే భర్తకూ అత్తమామలకూ ఆ కల చెప్పడం. వాళ్ళు మంచి కల, తప్పక చెయ్యి అన్నారు. మీరూ ఆ పని చేయండి. ముందుగా అత్తగారితో ఒక మాట అంటే, మర్నాటికి ఆవిడే పీట ఎక్కడ వేయాలో చెప్తుంటారు. చెప్పకుండా మొదలుపెట్టి ఫోటోలు గ్రూపులో పెడితే వచ్చే తలనొప్పికి వ్రతకథలో పరిష్కారం లేదు.

పెళ్ళి కాని ఆడపిల్లలు చేయవచ్చా? మగవాళ్ళు?

ఆడపిల్లలు తల్లి పక్కన కూర్చుని తోరం కట్టించుకుంటారు, ఊరు వదిలి ఉద్యోగం చేసుకుంటున్నవాళ్ళు సొంతంగానూ చేసుకుంటున్నారు. భర్త పక్కన కూర్చోవడం చాలా ఇళ్ళల్లో ఉంది. కూర్చోకపోతే కనీసం కొబ్బరికాయ కొట్టి, పేరంటాళ్ళు వచ్చే వేళకు పిల్లల్ని పట్టుకుంటే చాలు.

లక్ష్మి అంటే డబ్బేనా? డబ్బు కోసం వ్రతం చేయడం నాకు ఇబ్బందిగా ఉంది.

అష్టలక్ష్ముల్లో ధనలక్ష్మి ఒక్కతి. మిగిలిన ఏడుగురు ఆది, ధాన్య, ధైర్య, గజ, సంతాన, విజయ, విద్యాలక్ష్ములు. డబ్బు అడగడం తప్పని నేను అనుకోను. ఈ ఊళ్ళో ఇంటి అద్దె కట్టేవాళ్ళెవరూ అనుకోరు.

## కొనుగోళ్ళు

పూలు ఎక్కడ కొనాలి? ధరలు చూస్తే గుండె ఆగుతోంది.

హోల్‌సేల్ కావాలంటే కేఆర్ మార్కెట్, తెల్లవారక ముందే వెళ్ళాలి. పిల్లలతో ఆ తొక్కిసలాట పడలేమనుకుంటే గాంధీ బజార్, మల్లేశ్వరం ఎనిమిదో క్రాస్. కొంచెం ఎక్కువ పెట్టాలి కానీ అరటి మొక్కల నుంచి తోరం దారం దాకా ఒక్క వీధిలో దొరుకుతాయి. గురువారం సాయంత్రానికి ధరలు చుక్కల్లో ఉంటాయి, కనకాంబరాలైతే కిలో వేలల్లోకి వెళ్తాయి. చామంతి, మరువం బుధవారమే తెచ్చి తడి గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే నిలుస్తాయి. మల్లెలు మాత్రం గురువారమే తెచ్చుకోండి. తామర మొగ్గలు ముందురోజు తెచ్చి నీళ్ళలో నిలబెట్టి, శుక్రవారం పొద్దున రేకులు చేత్తో మెల్లగా మడిస్తే విచ్చుకున్నట్టే ఉంటాయి.

కన్నడం రానివాళ్ళకు నాలుగు మాటలు. సేవంతిగె అంటే చామంతి, తావరె అంటే తామర, కేదగె అంటే మొగలి, మరుగ అంటే మరువం, మావిన సొప్పు అంటే మామిడాకులు. మన మూరని వాళ్ళు మొళ అంటారు. మారు అంటే రెండు చేతులూ బారచాపినంత. ‘బిడి హూవు’ విడి పూలు, ‘కట్టిద హూవు’ కట్టిన మాల. బేరం ఆడేముందు మొళకా మారుకా అని తేల్చుకోండి. నేను మొదటి ఏడు మారు ధర అనుకుని మొళ ధరకు ఒప్పుకుని, మురిసిపోతూ ఇంటికొచ్చాను.

వెండి ముఖం కొనాలా? జర్మన్ సిల్వర్ పనికొస్తుందా?

ముఖం తప్పనిసరి కాదు. పసుపు రాసి బొట్టు పెట్టిన కొబ్బరికాయే అమ్మవారు. ఇక జర్మన్ సిల్వర్ విషయం. పేరులో తప్ప అందులో వెండి లేదు. రాగి, జింకు, నికెల్ కలిసిన లోహం అది. చూడటానికి బాగుంటుంది, పెట్టుకుంటే దోషమేమీ లేదు. కానీ వెండి ధరకు కొనకండి, వెండి అని ఎవరికీ బహుమతి ఇవ్వకండి. వెండిదే కావాలంటే స్వచ్ఛత ముద్ర, బరువు, తరుగు, మజూరీ నాలుగూ బిల్లులో విడివిడిగా రాయించుకోండి. నేను పండగ రద్దీలో ఒక దుకాణంలో బిల్లు తర్వాత ఇస్తామంటే సరేనని తెచ్చుకున్నాను. మూడేళ్ళకు మార్చబోతే లోపల లక్క బరువే సగం ఉంది.

ప్రతి ఏడూ కొత్త లక్ష్మీ రూపు, అంటే అమ్మవారి బొమ్మ ఉన్న బిళ్ళ, కొనాలా?

అక్కర్లేదు. మొదటి ఏడు ఒక రూపు కొని, ఏటా దాన్నే పంచామృతంతో కడిగి పూజలో పెట్టుకోవచ్చు. ఏటా ఒక కాసు చేర్చడం స్తోమతకు సంబంధించిన సరదా. అప్పు చేసి కొన్న బంగారంతో లక్ష్మీపూజ చేయడం నాకైతే వింతగా ఉంటుంది.

## కలశం, అలంకారం

కన్నడవాళ్ళ హబ్బ, మన వ్రతం ఒకటేనా? మనమూ చీర కట్టాలా?

రోజు ఒకటే, అమ్మవారు ఒకటే, కలశం ఒకటే. తేడా అంతా అలంకారంలోనే. వాళ్ళు వరమహాలక్ష్మి హబ్బ అంటారు. కలశానికి కుచ్చిళ్ళు పోసి పట్టుచీర కట్టి, ముఖం పెట్టి, జడ వేసి, నగలు పెట్టి, ముందు నోట్ల కట్టలూ పళ్ళూ పేరుస్తారు. అటూ ఇటూ అరటి కంబాలు. చూడటానికి పెళ్ళికూతురే. మా తెనాలి వైపు కలశం మీద కొబ్బరికాయ, దానికి కిరీటంలా మడిచిన రవికెగుడ్డ, అంతే. మా అత్తగారి హిందూపురం వైపు కర్ణాటక గాలి ఎక్కువ కాబట్టి చీర, ముఖం అక్కడ మొదట్నుంచీ ఉన్నాయి. తమిళుల ఇళ్ళల్లో గురువారం సాయంత్రమే గుమ్మం దగ్గర నుంచి పాడుతూ అమ్మవారిని లోపలికి పిలుచుకొస్తారు.

నా మొదటి వ్రతానికి మా అమ్మ ఫోన్లో ‘ఆ బొమ్మలాట మనకెందుకే’ అంది, అత్తగారు ఇటు నుంచి ‘చీర లేకుండా అమ్మవారేంటమ్మా’ అన్నారు. ఇద్దరికీ నచ్చేలా పొడుగాటి రవికెగుడ్డ కట్టాను, ఇద్దరికీ నచ్చలేదు. వ్రతకథలో ఉన్నది మండపం, దాని మీద పోసిన బియ్యం, పంచపల్లవాలతో, అంటే ఐదు చెట్ల చిగుళ్ళతో కలశం. చీర ప్రసక్తి లేదు, కట్టకూడదన్న మాటా లేదు. చేతికి వచ్చు, వేళ ఉంది అంటే కట్టండి.

కలశంలో నీళ్ళు పోయాలా, బియ్యం పోయాలా?

రెండు ఆచారాలూ ఉన్నాయి. నీళ్ళయితే ముప్పాతిక వంతు పోసి పసుపు, కుంకుమ, అక్షతలు, ఒక పువ్వు, ఒక నాణెం వేస్తారు. బియ్యమైతే నాణెం, పసుపు కొమ్ము, ఎండు ఖర్జూరం, వక్క వేసి నింపుతారు. చీర కట్టి ముఖం పెట్టే ఆలోచన ఉంటే బియ్యమే మేలు, బరువుకి కలశం కదలదు. చెంబు వెండి, రాగి, ఇత్తడి ఏదైనా సరే. పంచపల్లవాలంటే మర్రి, రావి, మామిడి, జువ్వి, మేడి అని చెప్తారు. ఐదు చెట్ల చిగుళ్ళూ ఈ ఊళ్ళో ఎక్కడ వెతుకుతాం? ఐదు మామిడాకులున్న ఒక్క రెమ్మ పెడుతున్నాం అందరం.

గురువారం రాత్రే అలంకరించి పెట్టుకోవచ్చా?

చక్కగా పెట్టుకోవచ్చు. శుక్రవారం పూజలో ఆవాహన చేసేదాకా అది అలంకారమే, ఆ తర్వాతే అమ్మవారు. కాబట్టి రాత్రి సరిదిద్దుకోవడానికి, నాలుగుసార్లు విప్పి కట్టడానికి దోషం లేదు. ఆవాహన అయ్యాక మాత్రం కదపకండి. కలశం పడిపోతుందేమో అన్న భయం ఉంటే వెనక ఒక స్కేలు నిలబెట్టి దారంతో కట్టండి.

నేను పీజీలో ఉంటున్నాను. చోటే లేదు.

చిన్న గ్లాసంత చెంబు, దాని కింద గుప్పెడు బియ్యం, చిన్న కాయ, అమ్మవారి పటం. ఇవి ఒక స్టూలు మీద సరిపోతాయి. గదిలో దీపం వెలిగించనివ్వకపోతే వంటగదిలోనో హాల్లోనో పూజసేపు వెలిగించుకోవడానికి ముందే అడగండి. పరదాల దగ్గర పెట్టి ఆఫీసుకు వెళ్ళిపోకండి. నైవేద్యానికి బెల్లం ముక్క, అరటిపండు, నానబెట్టిన శనగలు చాలు. ఒక్కదానివే అనిపిస్తే, తిరుచానూరు పద్మావతి అమ్మవారి ఆలయంలో టీటీడీ ఏటా వ్రతం చేయిస్తుంది, వాళ్ళ భక్తి ఛానెల్ ఎస్వీబీసీలో ప్రత్యక్షంగా చూపిస్తారు. దాన్ని ముందు పెట్టుకుని పూజ చేసుకోవచ్చు.

నిలబడిన లక్ష్మి పటం ఇంట్లో ఉంటే డబ్బు నిలవదంటారు, నిజమా?

కూర్చున్న లక్ష్మిని ఇళ్ళల్లో ఇష్టపడతారు, ఇంట్లో స్థిరంగా ఉండాలని. అది కోరిక, శాపం కాదు. కొల్హాపూర్ మహాలక్ష్మి నిలబడే ఉంటుంది. అమ్మమ్మ ఇచ్చిన పటం అయితే అసలు తీయకండి.

## పూజ వేళ

ఏ టైముకు చేయాలి? నాకు తొమ్మిదింటికి ఆఫీసు కాల్ ఉంది.

స్థిర లగ్నం మంచిదంటారు, లక్ష్మి స్థిరంగా ఉండాలని. ఉదయం సింహ లగ్నం, మధ్యాహ్నం వృశ్చికం, సాయంత్రం కుంభం, అర్ధరాత్రి వృషభం. సింహ లగ్నం పొద్దున్నే వస్తుంది కాబట్టి ఆఫీసులకు వెళ్ళేవాళ్ళకు అదే అనుకూలం. శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు, ఆ లోపల మొదలుపెట్టరు. పొద్దున కుదరదంటే సాయంత్రం దీపాలు పెట్టే వేళ కూడా అమ్మవారికి ఇష్టమైనదే. ఆగస్టులో ఇక్కడ సూర్యాస్తమయం ఆరూ నలభై ప్రాంతం, లాగౌట్ అయ్యాక తీరిగ్గా చేసుకోవచ్చు.

పూజారిగారు దొరకలేదు. నేనే చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, చాలామంది అలాగే చేస్తున్నారు. తెలుగు పూజారులు ఆ రోజు ఒక్కొక్కరు పది ఇళ్ళు తిరుగుతారు, మనింటికి వచ్చేసరికి అరగంటలో ముగించేస్తారు. వ్రతకల్పం పుస్తకం పెట్టుకుంటే వరస ఇలా ఉంటుంది: ఆచమనం, సంకల్పం, పసుపు గణపతికి పూజ, కలశ పూజ, అమ్మవారి ధ్యానం, ఆవాహన, షోడశోపచారాలు, అంగపూజ, అష్టోత్తరం, ధూపం, దీపం, నైవేద్యం, హారతి, తోరపూజ, తోరం కట్టుకోవడం, కథ. శ్రీసూక్తం వస్తే అభిషేకం వేళ చదవండి. స్వరం తప్పుతుందని భయమైతే అష్టోత్తరం నూట ఎనిమిది నామాలూ నిదానంగా చదువుతూ కుంకుమ వేయండి, గంట నిండుగా గడుస్తుంది.

సంకల్పంలో బెంగళూరుకు ఏం చెప్పాలి? అద్దె ఇంట్లో ‘స్వగృహే’ అనవచ్చా?

నాకు బాగా నచ్చే ప్రశ్న ఇది. మన పుస్తకాలన్నీ ఆంధ్ర, తెలంగాణ ఊళ్ళను దృష్టిలో పెట్టుకుని ‘కృష్ణా గోదావర్యోః మధ్యప్రదేశే’ అని అచ్చువేస్తాయి. అది చదివితే మనం విజయవాడ దాటి ఎక్కడో కూర్చున్నట్టు. బెంగళూరు శ్రీశైలానికి నైరుతి దిక్కున, కావేరికీ తుంగభద్రకూ మధ్యన ఉంది. కాబట్టి ‘శ్రీశైలస్య నైరృత్య ప్రదేశే, కావేరీ తుంగభద్రయోః మధ్యప్రదేశే’ అనుకోవచ్చు. కన్నడ పురోహితులు చాలామంది ‘దండకారణ్యే గోదావర్యాః దక్షిణే తీరే’ అంటారు, అదీ సరైనదే.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు ‘స్వగృహే’ బదులు ‘వసతి గృహే’ అంటారు. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నాకు మనసు చివుక్కుమంది. తర్వాత తట్టింది. సంకల్పం అంటే మనం ఎవరం, ఎక్కడున్నాం, ఎందుకు కూర్చున్నాం అని నిజం చెప్పుకోవడం. సంవత్సరం పేరు కూడా పాత పుస్తకంలోది చదివేయకండి. 2026 ఉగాది నుంచి పరాభవ, 2027 నుంచి ప్లవంగ. దక్షిణాయనం, వర్ష ఋతువు, శ్రావణ మాసం, శుక్ల పక్షం, శుక్రవారానికి ‘భృగువాసరే’.

తోరానికి ఎన్ని పోగులు, ఎన్ని ముళ్ళు? ఏ చేతికి?

తొమ్మిది పోగులు, తొమ్మిది ముళ్ళు, కుడి చేతికి. తెల్ల నూలు దారానికి పసుపు రాసి, ముడి ముడికీ ఒక పువ్వు పెట్టి కట్టండి. ఒక్కో ముడికీ ఒక్కో పేరుతో పూజ: కమల, రమ, లోకమాత, విశ్వజనని, మహాలక్ష్మి, క్షీరాబ్ధితనయ, విశ్వసాక్షిణి, చంద్రసోదరి, హరివల్లభ. ఈ పేర్లలోనే అమ్మవారి కథ ఉంది. పాలకడలి చిలికినప్పుడు పుట్టింది కాబట్టి క్షీరాబ్ధితనయ, చంద్రుడూ అక్కడే పుట్టాడు కాబట్టి చంద్రసోదరి, బయటికి వచ్చి విష్ణువును వరించింది కాబట్టి హరివల్లభ. మా అమ్మాయి చందమామను మేనమామ అనడానికి కారణం ఇదేనని ఆ ముడి దగ్గరే తెలుసుకుంది.

ఒకటి అమ్మవారికి, ఒకటి మీకు, మిగతావి పేరంటాళ్ళకు. రెండు మూడు ఎక్కువే కట్టి ఉంచండి, చెప్పకుండా వచ్చేవాళ్ళు ఉంటారు.

పిల్లలకు తెలుగు చదవడం రాదు. కథ ఎలా వినిపించాలి?

పుస్తకం భాష పెద్దవాళ్ళకే కొరుకుడు పడదు. ఒకసారి శ్రద్ధగా చదివేసి, తర్వాత మామూలు మాటల్లో చెప్పండి. చారుమతీ మిగతా ఆడవాళ్ళూ పూజ చేసి ప్రదక్షిణలు చేస్తుంటే, మొదటి ప్రదక్షిణకు కాళ్ళకు గజ్జెలు, రెండో ప్రదక్షిణకు చేతులకు నవరత్నాల కంకణాలు, మూడో ప్రదక్షిణ అయ్యేసరికి ఒళ్ళంతా నగలు, బయట ఏనుగులూ గుర్రాలూ రథాలూ. ఆ ఘట్టం వస్తే పిల్లలు పీట చుట్టూ వాళ్ళే తిరుగుతారు. ఏనుగును బేస్‌మెంట్ పార్కింగ్‌లో ఎక్కడ పెట్టాలన్న చర్చ మా ఇంట్లో ఏటా జరుగుతుంది.

## నైవేద్యం

తొమ్మిది రకాలూ చేయాల్సిందేనా?

కాదు. తొమ్మిది పిండివంటలని పెద్దలు చెప్తారు, చేతనైనన్ని చేస్తారు. మూడు చేసినా ఐదు చేసినా సరే. మా ఇంట్లో తప్పనివి పూర్ణం బూరెలు, పులిహోర, చలిమిడి, నానబెట్టిన శనగలు. చలిమిడి నాకు చాలా ముఖ్యం. రాత్రి నానబెట్టిన బియ్యం వడకట్టి, తడి ఆరకుండా పట్టి, బెల్లం తురుముతో కలపడమే, పొయ్యితో పని లేదు. మిగతా వంటల్లో ఉల్లి, వెల్లుల్లి వేయరు, నైవేద్యం అయ్యేదాకా రుచి చూడరు. అందుకే ఉప్పు విషయంలో ఆ రోజు అందరూ క్షమించాలి.

నా బూరెలు నూనెలో పగిలిపోతున్నాయి. ఏం చేయను?

మూడు కారణాలు. ఒకటి, పూర్ణం పలచగా ఉండటం. శనగపప్పు పలుకు మీద ఉడికించి, నీళ్ళు పూర్తిగా వంచేసి, బెల్లం వేశాక గరిటెకు ముద్దగా అంటేదాకా దగ్గరికి రానివ్వాలి. పప్పుకి సమానంగా బెల్లం చాలు. ఇక్కడ దొరికే మండ్య బెల్లం కొన్ని రకాలు మెత్తగా ఉండి త్వరగా నీరు వదులుతాయి, ఇంకాసేపు పొయ్యి మీద ఉంచండి. రెండు, తోపు పిండి పలచబడటం. ఒక గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల బియ్యం నానబెట్టి మెత్తగా, గట్టిగా రుబ్బాలి. ఉండను ముంచి తీస్తే కింద పూర్ణం కనబడకూడదు. ఇడ్లీ పిండి మిగిలింది కదా అని అందులో ముంచకండి. పులిసిన పిండి నూనె తాగుతుంది. మూడు, నూనె చల్లగా ఉండటం. ఒక చుక్క పిండి వేస్తే వెంటనే పైకి తేలాలి. వేసిన బూరెను అర నిమిషం కదపకుండా ఉంచండి. పై పొర గట్టిపడకముందే గరిటె పెడితే ఎంత మంచి పూర్ణమైనా బయటికి వస్తుంది. మొదటి వాయి రెండే వేసి చూడండి.

బొబ్బట్లు బయట కొనవచ్చా?

ఈ ఊళ్ళో గల్లీకో హోళిగె అంగడి ఉంది, ఒబ్బట్టు వేడివేడిగా కాల్చి ఇస్తారు. పేరంటాళ్ళకు పెట్టడానికి కొనండి. అమ్మవారికి మాత్రం ఒక్కటైనా ఇంట్లో వండింది పెట్టండి, పరమాన్నమైనా చాలు.

## పేరంటం

ఎంతమందిని పిలవాలి? తాంబూలంలో ఏముండాలి?

ఐదుగురు, తొమ్మిదిమంది అని అంటారు కానీ ఒక్క ముత్తైదువ వచ్చినా వ్రతం వ్రతమే. తాంబూలంలో రెండు తమలపాకులు, వక్క, పండు, పసుపు, కుంకుమ, పువ్వులు, శనగలు. గాజులు, రవికెగుడ్డ స్తోమతను బట్టి. రవికెగుడ్డ ఇస్తే కుట్టించుకునేలా ఉన్నదివ్వండి. కుట్టడానికి పనికిరాని గుడ్డ ఇరవై ఏళ్ళుగా ఈ అపార్ట్‌మెంట్‌లో ఇల్లిల్లూ తిరుగుతోంది, నా దగ్గరికే రెండుసార్లు వచ్చింది. ఇంట్లో పనిచేసే అమ్మకు చివర్లో గుమ్మం దగ్గర కాదు, అందరిలాగే కూర్చోబెట్టి కాళ్ళకు పసుపు రాసి ఇవ్వండి.

వాయనం ఇచ్చేటప్పుడు ఏదో మాటలు అంటారు, అవేంటి?

కొంగు కప్పి వాయనం చేతుల్లో పెడుతూ ‘ఇస్తినమ్మా వాయనం’ అనాలి, అందుకునే ఆవిడ ‘పుచ్చుకుంటినమ్మా వాయనం’ అంటుంది. ‘ముమ్మాటికీ ఇస్తినమ్మా వాయనం’, ‘ముమ్మాటికీ పుచ్చుకుంటినమ్మా వాయనం’. తర్వాత ‘నా వాయనం అందుకున్నది ఎవరు?’ అని అడిగితే ‘నేనే వరలక్ష్మిని’ అని జవాబు. ఊరికొక తేడా ఉంటుంది. మొదటిసారి ఈ మాట అనాల్సి వచ్చినప్పుడు కొత్త కోడళ్ళకు నవ్వొస్తుంది, నవ్వనివ్వండి.

పక్కింటి కన్నడ ఆంటీ ‘అరిశిన కుంకుమక్కె బన్ని’ అంది. ఏం చేయాలి?

పసుపు కుంకుమకు రమ్మని పిలుపు, అంటే మన పేరంటమే. వెళ్ళండి. పూలో పండో పట్టుకెళ్తే చాలు. అక్కడ కోసంబరి, చిత్రాన్నం, ఒబ్బట్టు పెడతారు, పాట పాడమంటారు. పురందరదాసు లక్ష్మి కీర్తన వాళ్ళు ఎత్తుకుంటే మీరు అన్నమయ్య నీరాజనం పాడండి, అందరికీ తెలిసిన పాటే. తిరిగి మీ ఇంటికి పిలవడం మర్చిపోకండి. ఉత్తరాది వాళ్ళకు లక్ష్మీపూజ అంటే దీపావళి రాత్రి, బెంగాలీలకు ఆశ్వయుజ పౌర్ణమి. వాళ్ళనూ పిలిచి ఒక తోరం కట్టి చూడండి, మర్నాడు ఆఫీసుకు కూడా తీయకుండా వెళ్తారు.

నాన్న పోయారు. అమ్మ మా దగ్గరే ఉంది. పూజలో కూర్చోవచ్చా?

కూర్చోవచ్చు. తాంబూలం ముత్తైదువలకు ఇవ్వడం ఆచారం, దాన్ని ఎంతవరకు పాటించాలో మీ ఇంటి నిర్ణయం. కానీ కథ వినడానికి, అక్షతలు వేయడానికి, ప్రసాదం తీసుకోవడానికి అడ్డు చెప్పేది ఏ వ్రతకల్పంలోనూ నేను చదవలేదు. మా నాన్న పోయిన మొదటి శ్రావణంలో అమ్మ పూజంతా అయ్యేదాకా వంటింట్లోంచి రాలేదు. బూరెలు వేస్తున్నానంది. అప్పటికి బూరెలు అయిపోయి గంటైంది. మరుసటి ఏడు కథ పుస్తకం తీసుకెళ్ళి ఆవిడ చేతికే ఇచ్చాను, నా గొంతు బాగోలేదు నువ్వు చదువమ్మా అని. అప్పట్నుంచి మా ఇంట్లో కథ అమ్మే చదువుతోంది. పేరంటాళ్ళలో ఒకావిడ ఏదో అనబోతే మా అత్తగారే ‘ఆవిడ చదివితేనే అర్థమవుతుంది, వినండి’ అన్నారు.

శుక్రవారం డబ్బు ఇవ్వకూడదంటారు. మరి ఫోన్‌పే?

పూలమ్మికీ పాలవాడికీ ఇవ్వకుండా ఆపితే లక్ష్మి ఏమంటుందో మీరే ఆలోచించండి. అప్పు ఇవ్వడం, తీసుకోవడం ఆ రోజు వద్దనుకుంటారు, అంతవరకు సరే. కూలి, జీతం ఆపకండి.

## మర్నాడు

ఉద్వాసన, అంటే అమ్మవారిని సాగనంపడం, ఎప్పుడు, ఎలా?

శనివారం పొద్దున స్నానం చేసి, దీపం పెట్టి, పాలో పండో నైవేద్యం పెట్టి హారతి ఇచ్చి, కలశాన్ని ఉత్తరం వైపు కొంచెం కదపాలి. అంతే. శుక్రవారం రాత్రే కదిపేవాళ్ళూ ఉన్నారు. ఊరికి బస్సు ఉందంటే అలా చేయండి.

కలశం మీది కొబ్బరికాయ, బియ్యం, నీళ్ళు ఏం చేయాలి?

నీళ్ళు మామిడాకుతో ఇల్లంతా చల్లి, మిగిలినవి తులసికి కాకుండా వేరే కుండీ మొక్కలకు పోయండి, పసుపు ఎక్కువైతే తులసి వాడిపోతుందని మా అనుభవం. కొబ్బరికాయ కొట్టి తీపి చేసుకోండి. కొందరు నీళ్ళలో వదులుతారు కానీ బెంగళూరు చెరువులకు మనం ఇప్పటికే చేసింది చాలు. బియ్యం పక్కన పెట్టి వచ్చే శుక్రవారం పరమాన్నం వండండి. కలశంలో వేసిన నాణెం బీరువాలో పెట్టుకుంటారు.

అమ్మవారికి కట్టిన చీర నేను కట్టుకోవచ్చా?

కట్టుకోవచ్చు, అది ప్రసాదం. నెలసరి రోజుల్లో కట్టరు. చెల్లెలికో ఆడపడుచుకో ఇచ్చినా మంచిదే. పిన్నీసుల కన్నాలు మాత్రం ఒకసారి చూసి ఇవ్వండి.

వ్రతం అయ్యాక దగ్గర్లో లక్ష్మి గుడి ఏదైనా ఉందా?

మహాలక్ష్మి లేఅవుట్ అన్న పేరు విని అక్కడికి వెళ్తే ముందుగా కనబడేది పెద్ద ఆంజనేయస్వామి. ఒక రోజు చాలంటే తుమకూరు జిల్లా కొరటగెరె తాలూకాలో గొరవనహళ్ళి మహాలక్ష్మి, శ్రావణ శుక్రవారాల్లో జనం విపరీతం, శనివారం వెళ్ళడం నయం. పాత గుడులంటే ఇష్టమైతే హాసన్ దగ్గర దొడ్డగద్దవళ్ళి లక్ష్మీదేవి ఆలయం చూడండి. 12వ శతాబ్దపు హొయసలుల కట్టడం. ఒకే ఆవరణలో నాలుగు గర్భగుళ్ళు, పక్కనే చెరువు.

తోరం ఎన్నాళ్ళు ఉంచుకోవాలి?

కొందరు ఆ సాయంత్రమే తీస్తారు, కొందరు మర్నాడు ఉద్వాసన అయ్యాక, కొందరు దానంతట అది తెగేదాకా ఉంచుకుంటారు. కత్తెర పెట్టకుండా ముడి విప్పి ఏదైనా పూలమొక్క మొదట్లో పెట్టండి. ముళ్ళు తొమ్మిది ఉన్నాయి, తడిసి బిగుసుకుంటాయి, విప్పడానికి ఇంకొకరి చెయ్యి కావాలి.